ఇంట్లో లేనివాడి అన్నం

మా అన్నయ్య తేగ్యును తీసుకెళ్ళింది మా చాంద్రమానం లెక్కన ఏడో నెల పున్నమి మరునాడు, అంటే ఆగస్టు చివర్లో, మధ్యాహ్నం పూట. అమ్మ వాగు దగ్గర బట్టలు ఉతుకుతోంది. పెరట్లో చాపల మీద మిరపకాయలు ఎండుతున్నాయి. అన్నయ్యకు పంతొమ్మిదేళ్ళు, నాకు పదమూడు. యుద్ధం మొదలై రెండు నెలలు దాటింది.

అప్పటికి అన్నయ్య మా కట్టెల కొట్టంలో దాక్కుని ఇరవై రెండు రోజులు. అక్కడున్నాడన్న సంగతి అమ్మకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. అది బయటపడింది నా నోటివల్ల. ఆ మాట అమ్మకు చెప్పుకోవాలని యాభై ఏళ్ళు అనుకుంటూ వచ్చాను. ఈ వసంతంలో అమ్మ పోయింది.

మా ఊరు సోల్‌మి. బోయున్ వెళ్ళే దారిలో కొండ కింద నలభై గడప. ఆ ఏడు జూలై చివర్లో దక్షిణం సైన్యం మా ఊరి మీదుగా వెనక్కి వెళ్ళింది. రెండు రోజులకు ఉత్తరం సైన్యం వచ్చింది. మా ఊళ్ళో ఒక్క తుపాకీ కూడా పేలలేదు. బడి మీద జెండా మారింది. నిన్నటిదాకా మాతో కలిసి నాట్లు వేసినవాళ్ళలో కొందరి చేతికి ఎర్రపట్టీ వచ్చింది. మిగిలినవాళ్ళు వాళ్ళను చూసి నమస్కారం పెట్టడం నేర్చుకున్నారు. వారం తిరిగేసరికి ప్రతి ఊరూ ఇంతమంది కుర్రాళ్ళను సైన్యానికి ఇవ్వాలని కబురు వచ్చింది. వాళ్ళంతట వాళ్ళే వచ్చినట్టు కాగితం మీద వేలిముద్ర వెయ్యాలి. మా ఊరికి ఆరుగురు. ఐదుగురు దొరికారు.

నేను అన్నయ్యను చూసి ఓర్వలేకపోయేవాణ్ణి. దానికి యుద్ధం అక్కర్లేదు, అంతకుముందు నుంచీ ఉన్నదే. జపాను వాళ్ళు మమ్మల్ని ఏలిన చివరి ఏడాది, తుపాకీ గుళ్ళు పోతపోయడానికని ఇంటింటికీ తిరిగి ఇత్తడి సామాను పట్టుకుపోయారు. అమ్మ ఒకే ఒక్క గిన్నెను బూడిద కుప్పలో పూడ్చి దాచింది. అది అన్నయ్య గిన్నె. నాది తనే కడిగి, తుడిచి, బండిలో పెట్టింది. "నీది చిన్నది నాన్నా, పెద్దయ్యాక ఎలాగూ సరిపోదు," అంది. మరుసటి ఏడు కలరాతో నాన్న పోయాడు. అన్నయ్య నాన్న స్థానంలోకి వచ్చాడు. అతనికి విడిగా చిన్న బల్ల, మూత ఉన్న ఇత్తడి గిన్నె. అమ్మా నేనూ ఇంకో బల్ల దగ్గర, మట్టి గిన్నెల్లో. చేప ఉన్న రోజున తల అమ్మకు, తోక నాకు, నడుమ అతనికి. నేను లెక్కల్లో మొదటివాడిగా వచ్చినా, ఆ కబురు అమ్మ ముందు అన్నయ్యకే చెప్పేది. ఇంటి పెద్దకు ఏదైనా ముందు తెలియాలి కదా మరి.

అతను కొట్టంలోకి వెళ్ళాక నాకు కొంచెం మంచి రోజులు వస్తాయనుకున్నాను.

మా వైపు ఇంటి మనిషి ఊరు దాటి వెళితే, అతని వంతు అన్నం గిన్నెలో పెట్టి, మూత వేసి, పొయ్యి వేడి తగిలే గది మూల దుప్పటి కింద ఉంచుతారు. ఎక్కడున్నా అతనికి తిండి దొరకాలని. తర్వాతి పూటకు ఆ అన్నాన్ని ఇంట్లో పిల్లలు తినేస్తారు, పారబొయ్యరు. ఇది ప్రతి ఇంట్లో ఉన్నదే. అమ్మ దీన్నే అడ్డం పెట్టుకుంది. అన్నయ్య దక్షిణాన తేగు పట్నం వైపు పారిపోయాడని ఊళ్ళో చెప్పి, రోజూ పొద్దున్నే ఇత్తడి గిన్నెలో వరన్నం పెట్టి దుప్పటి కప్పేది. వెతకడానికి వచ్చినవాళ్ళు రెండుసార్లు ఆ మూత తీసి చూశారు. వాళ్ళ అమ్మలూ అదే పని చేస్తున్నారు కాబట్టి ఏమీ అనలేదు. మధ్యాహ్నం అమ్మ ఆ గిన్నెను కట్టెల గంపలో పెట్టుకుని కొట్టంలోకి వెళ్ళేది. ఖాళీ గిన్నెతో తిరిగొచ్చేది.

అప్పటికి ఇంట్లో మిగిలిన వరిబియ్యం కుండ అడుగున నాలుగు గుప్పెళ్ళు. నాకు బార్లీ గంజి. అందులో నా మొహం కనబడేది.

ఆ రోజు దల్‌సు వచ్చాడు. మా ఊళ్ళో బియ్యపు మర ఆడించే గ్వాక్ వాళ్ళ పెద్దబ్బాయి. అన్నయ్య కంటే మూడేళ్ళు పెద్ద. ఇద్దరూ ఒకే కొండ మీద జారి, ఒకే వాగులో ఈదారు. ఇప్పుడు చేతికి ఎర్రపట్టీ. పన్ను వెయ్యడానికి మా చెట్టుకున్న పెర్సిమన్ కాయలు లెక్కపెట్టాలని వచ్చాడు. పచ్చి కాయల్ని కూడా లెక్కపెట్టే ప్రభుత్వం అది. చెట్టు కింద నిలబడి మెడ పైకెత్తి నలభై దాకా లెక్కపెట్టి, మధ్యలో మరిచిపోయి, వచ్చి అరుగు మీద నా పక్కన కూర్చున్నాడు.

"ఏరా ఇన్‌గ్యు, కాయలెన్ని ఉన్నాయో నువ్వే చెప్పు. లెక్కల్లో ఫస్టు అంటగా."

"నూట పన్నెండు."

"నిజంగా లెక్కపెట్టావా, నోటికొచ్చింది అన్నావా?"

"ఎవరికి కావాలి. పండాక అవి నా నోటిదాకా వస్తాయా."

దల్‌సు నవ్వాడు. టోపీ తీసి విసురుకున్నాడు. అతని కళ్ళ కింద నల్లగా ఉంది. ఆరోవాడు దొరక్కపోతే అతని తమ్ముడు వెళ్ళాలని అప్పటికే తేలిపోయింది. ఆ సంగతి ఊరంతా తెలుసు, నాకూ తెలుసు.

"అమ్మ ఏది?"

"వాగు దగ్గర."

"ఆకలేస్తోందిరా బాబూ. మా ఇంట్లో మూడు రోజులుగా గుమ్మడి ఆకే. నీకేం, బాగా బలిశావు."

"నేనా బలిశానా."

"కాదా మరి. పెద్దోడు లేడు. రోజూ దుప్పటి కింద వరన్నం ఉంటుంది. చల్లారాక ఎవరికి పోతుంది? తమ్ముడి పొట్టలోకే. మా తమ్ముడైతే నేను ఎప్పుడు పోతానా అని చూస్తున్నాడు, నా గిన్నె కోసం." అని నా పొట్ట మీద వేలితో పొడిచాడు. అతను సరదాకే అన్నాడు. ఇప్పటికీ అలాగే నమ్ముతాను.

నేను అతని వేలు తోసేశాను.

"నాకెక్కడ పెడుతుంది? ఒక్క మెతుకు కూడా పెట్టలేదు. ఒక్క పూట కూడా."

అన్నాక తెలిసింది. పూర్తిగా తెలియక అన్నానని చెప్పుకుంటే నాకు సుఖంగా ఉంటుంది. కాని, మాట సగంలో ఉన్నప్పుడే అది ఎటు పోతోందో నాకు తెలుసు. ఆపగలిగేవాణ్ణి. ఆపలేదు.

దల్‌సు విసురుకోవడం ఆపాడు. కట్టెల కొట్టం వంక చూశాడు. అరుగుకూ కట్టెల కొట్టానికీ మధ్య ఎనిమిది అడుగుల దూరం. కొట్టానికి ఉన్నది రెల్లు తడిక. మేం మాట్లాడింది అంతా లోపలికి వినపడుతుంది. దల్‌సు లేచి టోపీ పెట్టుకున్నాడు. కొట్టం ముందు నిలబడి, గొంతు పెంచకుండా అన్నాడు.

"తేగ్యూ, బయటికి రా. నేనేరా. కట్టెలన్నీ తీయించకు, నడుం నొప్పిగా ఉంది."

తర్వాత పైన్ మండలు కదిలాయి. అన్నయ్య పాక్కుంటూ బయటికొచ్చాడు. వెంటనే నిలబడలేకపోయాడు. ఎండకు కళ్ళు మూసుకుని, మోకాళ్ళు పట్టుకుని, నేల మీదే కూర్చున్నాడు.

"మీ తమ్ముడి బదులా?" అన్నాడు.

"అవును," అన్నాడు దల్‌సు. "అబద్ధం చెప్పను."

"ఐతే పద. ఇన్‌గ్యు, లోపల నా చెప్పులున్నాయి, తెచ్చిపెట్టు."

నేను లోపలికి దూరాను. ఇరవై రెండు రోజులు నేను ఓర్వలేకపోయిన చోటు అది. కాళ్ళు చాపుకోవడానికి లేదు. తల ఎత్తితే దూలం తగిలింది. ఒక మూల మూత్రానికి పెట్టుకున్న కుండ, దాని పక్కనే ఆ పూట గిన్నె, ఖాళీగా. చెమట వాసనకు ఊపిరాడలేదు. చెప్పులు తెచ్చి అతని ముందు పెట్టాను. అతను నా తల మీద చెయ్యి వేస్తాడేమోనని భయపడ్డాను. వెయ్యలేదు. వెయ్యనందుకు కూడా నాకు బాధ కలిగింది.

అమ్మ తడిబట్టల గంపతో వచ్చేసరికి వాళ్ళు వాకిట్లో ఉన్నారు. దల్‌సు అమ్మ మొహం చూడలేదు. "అత్తా, ఊరి చివరిదాకా మీరూ రండి," అన్నాడు. నన్ను ఇంటి దగ్గర ఉండమన్నారు. అమ్మా అన్నయ్యా పక్కపక్కన నడుచుకుంటూ మాట్లాడుకుంటూ వెళ్ళారు. ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు. అతను వంగి ఆమె చెవిలో ఏదో చెప్పడం, ఆమె తల ఊపడం కనిపించింది. అప్పుడు కూడా, ఆ స్థితిలో కూడా, ఆ మాట నాతో చెప్పి ఉండకూడదా అనిపించింది.

సెప్టెంబరు చివర్లో ఉత్తరం సైన్యం వెనక్కి వెళ్ళింది. పట్టీల రంగు మళ్ళీ మారింది. దల్‌సు పారిపోలేదు. అతన్నీ ఇంకో నలుగురినీ కొండ వెనక్కి తీసుకెళ్ళారు. తీసుకెళ్ళినవాళ్ళూ మా ఊరివాళ్ళే. తర్వాతి ఏడాది నుంచి ఆ రెండు రకాల ఇళ్ళవాళ్ళూ ఒకే బావిలో నీళ్ళు తోడుకున్నారు. మా యుద్ధం చాలా మటుకు అలాగే జరిగింది. బళ్ళో నేను పాఠం చెప్పిన పుస్తకాల్లో మాత్రం సైన్యాలూ నదులూ తేదీలూ ఉండేవి.

దల్‌సు తమ్ముడు ఇప్పటికీ అదే మర నడుపుతున్నాడు. ప్రతి శరత్కాలం పండక్కి ఆ కొండ వెనక అన్న సమాధి మీద గడ్డి కోసి, అడుగున్నర ఎత్తు మట్టి సరిచేసి వస్తాడు. వచ్చేటప్పుడు మా ఇంటికి బియ్యపు రొట్టెలు ఇచ్చి వెళతాడు. ఆ రొట్టెలు నాకు ఎప్పుడూ సరిగ్గా మింగుడు పడలేదు. అతనికి కొయ్యడానికి గడ్డి ఉంది.

అన్నయ్య వెళ్ళిన మర్నాడు అమ్మ మళ్ళీ గిన్నెలో అన్నం పెట్టి దుప్పటి కప్పింది. ఈసారి నిజంగానే. రాత్రి భోజనం వేళకు మూత తీసి గిన్నె నా ముందుకు జరిపింది. "తిను," అంది. అప్పటి నుంచి ఆ అన్నం నాదే. టీచర్ల ట్రైనింగ్ స్కూలుకు వెళ్ళేదాకా ఆరేళ్ళు తిన్నాను. తర్వాత నా పిల్లలు తిన్నారు. మా ఆవిడ పెళ్ళైన కొత్తలో ఒకసారి, "ఏమండీ, ఈ ఇంట్లో మొదటి గరిట మీకు పడే రోజు వస్తుందా?" అని నవ్వింది. నేను నవ్వలేదు. ఆమె మళ్ళీ అనలేదు.

చనిపోయిన తేదీ తెలియనివాళ్ళకు తొమ్మిదో నెల తొమ్మిదో నాడు తద్దినం పెడతారు. అన్నయ్యకు పెడదామని పెద్దలు ఎన్నోసార్లు అన్నారు. అమ్మ ఒప్పుకోలేదు. "బతికున్నవాడికి ఎవరైనా పెడతారా?" అనేది. ఉత్తరం వైపు వెళ్ళినవాడి తమ్ముణ్ణి కాబట్టి నాకు పట్నం బడి దక్కలేదు. బదిలీ అయిన ప్రతిచోటికీ నా వెనకే పోలీసు కాగితం వచ్చేది. ప్రతి జూన్‌లో ఉత్తరం వాళ్ళను తిట్టే వక్తృత్వ పోటీకి పిల్లల్ని తయారు చేసేవాణ్ణి. మా బడికి మూడుసార్లు బహుమతి వచ్చింది. అమ్మకు చెప్పలేదు.

ఎనభై మూడో సంవత్సరం వేసవిలో విడిపోయినవాళ్ళను టీవీలో కలిపే కార్యక్రమం మొదలైంది. ఖైదీగా దొరికి దక్షిణంలోనే ఎక్కడైనా ఉండిపోయాడేమోనని అమ్మ ఆశ. సియోల్ తీసుకెళ్ళాను. టీవీ భవనం ముందు ఎండలో వేలమంది, వెతుకుతున్నవాళ్ళ పేర్లు రాసిన అట్టముక్కలు పట్టుకుని. మా అట్ట నేను రాశాను. పక్కనున్న ముసలావిడ చెల్లెల్ని వెతుక్కుంటోంది. మా అట్ట చూసి, "అక్షరాలు అచ్చేసినట్టున్నాయి. మాస్టారా?" అంది.

"అవునండీ."

"ఐతే నాది కూడా దిద్దిపెట్టు బాబూ. మా మనవడు రాశాడు, మా చెల్లెలు చూస్తే నవ్వుతుంది. నవ్వినా ఫరవాలేదనుకో, ముందు చూడనీ."

ఆవిడ అట్ట తిరగరాసిచ్చి, మా దాంట్లో 'గుర్తులు' అన్న చోట ఏం రాయమంటావని అమ్మను అడిగాను. అమ్మ ఆగకుండా చెప్పుకుపోయింది. ఎడమ చెవి వెనక కందిగింజంత మచ్చ. కుడికాలి చిటికెనవేలు బొటనవేలు వైపు వంగి ఉంటుంది. చెంచాను కాడ చివర పట్టుకుంటాడు. నవ్వేముందు ముక్కు రుద్దుకుంటాడు. అట్ట మీద చోటు చాలలేదు.

"నాకేం గుర్తులున్నాయమ్మా?" అని అడిగాను.

అమ్మ నా వంక చూసింది. నిజంగానే ఆలోచించింది.

"నువ్వు ఇక్కడే ఉన్నావుగా," అంది.

ఏమీ తప్పులేని జవాబు. ఐదు రోజులు అక్కడే నిలబడ్డాం. ఆ ముసలావిడకు నాలుగో రోజు చెల్లెలు దొరికింది. ఇద్దరూ నేల మీద కూలబడి ఏడుస్తుంటే, అందరితోపాటు నేనూ చప్పట్లు కొట్టాను. నాకు ఆవిడను చూసి అసూయ లేదు. ఇంకెక్కడో ఉండి, కందిగింజంత మచ్చతో సహా గుర్తుండిపోయినవాణ్ణి చూసి ఉంది. తిరుగు రైల్లో అమ్మకు చెప్పేద్దామనుకున్నాను. పట్టించింది దల్‌సు కాదు, నేనని. చెబితే, ఇక్కడే ఉన్న కొడుకు కూడా ఆమెకు పోతాడు. అది ఆమె మీద జాలి అని ఆ రోజు అనుకున్నాను. ఉన్న కాస్త చోటు పోతుందన్న భయమని తర్వాత తెలుసుకున్నాను.

గత ఏడాది నేను రిటైరయ్యాను. ఈ చలికాలం నాటికి అమ్మకు ఎనభై ఎనిమిది. మనుషుల్ని పోల్చుకోవడం తగ్గింది. చెప్పాల్సింది ఇప్పుడే చెప్పాలని, ఒక పొద్దున మా ఆవిడ బజారుకు వెళ్ళినప్పుడు, జావ గిన్నె పట్టుకుని ఆమె పక్కన కూర్చున్నాను. కిటికీలోంచి ఎండ పడుతోంది. రెండు చెంచాలు తాగి, నా మణికట్టు పట్టుకుంది.

"తేగ్యూ," అంది.

ఆ గొంతు నాకు తెలుసు. పదమూడేళ్ళు వచ్చేదాకా పక్క బల్ల నుంచి విన్నాను. నా వైపు తిరిగి ఎప్పుడూ రాలేదు.

నేను కాదమ్మా అనాలి. అనలేదు.

"ఊ," అన్నాను.

"ఎండలో నడిచొచ్చావా?"

"లేదమ్మా. బండి మీద వచ్చాను."

"అలా అయితే సరే." కాసేపు నా చేతిని నిమురుతూ కూర్చుంది. "నువ్వు చెప్పినట్టే చేశాను నాయనా. చిన్నోడితో ఆ మాట ఎత్తలేదు. ఒక్కనాడు కూడా అనలేదు."

చెంచా గిన్నెలో పెట్టాను.

"ఏ మాటమ్మా?"

"మరిచిపోయావా? పొలిమేర దగ్గర చెప్పావు కదా. తడికలోంచి అంతా విన్నానన్నావు. ఆకలి మీదున్న పిల్లాడు, వాడికి తెలియనివ్వకమ్మా అన్నావు. ముందు రెండేళ్ళు కష్టమైంది. వాడి మొహం చూస్తే నోటిదాకా వచ్చేది. మింగేసి, వాడి ముందు అన్నం పెట్టేదాన్ని." ఆమె చిన్నగా నవ్వింది. "బాగా చదువుకున్నాడు. మాస్టారయ్యాడు. నీకు కోపం లేదు కదూ?"

నేను ఆమె ముందు నా పేరుతో కూర్చుని అడగాల్సిన క్షమాపణ అది. అన్నయ్య ఇవ్వాల్సిన జవాబు. రెంటికీ మధ్య నేను లేను. యాభై ఏళ్ళు ఒకే ఇంట్లో నేనూ అమ్మా ఒకే విషయం దాచుకున్నాం. నేను ఒంటరిగా దాచాను. ఆమె అతనితో కలిసి దాచింది. ఊరి చివర అతను వంగి చెప్పినది నా గురించే. అయినా అది వాళ్ళిద్దరిదే.

"లేదమ్మా," అన్నాను. "కోపం లేదు."

"మంచిది," అంది. మిగిలిన జావంతా తాగింది.

అతని పేరు మీద నన్ను నేను క్షమించుకున్నాను. ఆ హక్కు నాకు ఎవరూ ఇవ్వలేదు. మర్నాడు చెబుదాం, నేను ఇన్‌గ్యునమ్మా అని చెబుదాం అనుకున్నాను. మర్నాడు మళ్ళీ తేగ్యూ అని పిలిచింది. మళ్ళీ పలికాను. అలా మూడు వారాలు. ఆ మూడు వారాలు నన్ను చూడగానే ఆమె మొహం విప్పారేది. నిజం చెప్పి దాన్ని పోగొట్టుకోవడానికి మనసొప్పలేదు. మూడో నెల మొదట్లో పోయింది. చివరి మాట కూడా అతనితోనే మాట్లాడింది, నా చెయ్యి పట్టుకుని.

ఈ జూన్‌లో ఉత్తరం, దక్షిణం ప్రభుత్వాలు మాట్లాడుకున్నాయి. ఆగస్టులో కొన్ని కుటుంబాలను కలుపుతారట. మా ఆవిడ మండలాఫీసుకు వెళ్ళి దరఖాస్తు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "అత్తగారు లేకపోయినా మీరున్నారు కదండీ. బతికుంటే ఆయనకు అరవై తొమ్మిదే," అంది.

పెన్నుతో రాశాను. వెతుకుతున్న వ్యక్తి: యోమ్ తేగ్యు. పుట్టిన ఊరు, తల్లిదండ్రుల పేర్లు. దరఖాస్తుదారుతో సంబంధం: అన్న. గుర్తులు అమ్మ చెప్పినవన్నీ, ఈసారి చోటు సరిపోయింది. ఆ తర్వాత 'ఎలా విడిపోయారు' అని నాలుగు గీతల గడి ఉంది. అన్నయ్య బతికుంటే ఈ కాగితం నకలు అతని చేతికి వెళుతుందట.

ఒకసారి పెన్సిలుతో 'బలవంతంగా సైన్యంలోకి తీసుకెళ్ళారు' అని రాశాను. చాలామంది అలాగే రాస్తున్నారని మా ఆవిడ చెప్పింది. చెరిపేశాను. గడువు ఈ శనివారం. ఆ నాలుగు గీతలూ ఇంకా ఖాళీగానే ఉన్నాయి.